లల్లా ఇజ్జా చెప్పు ఎత్తని రోజు

నాకు ముప్ఫయ్యేళ్లప్పుడు ఒకసారి మూతి వంకరపోయింది. చలికాలంలో హమ్మామ్‌లో స్నానం చేసి తడి తలతో వీధిలోకి వచ్చాను. మర్నాడు పొద్దున టీ తాగబోతే పెదవి ఎడమ చివర నుంచి గడ్డం మీదికి కారిపోయింది. ఎడమ కన్ను ఎంత మూసినా మూతపడలేదు. మా ఫెజ్ ఊరి పాతబస్తీలో దాన్ని గాలిదెబ్బ అంటారు. వైద్యం కూడా అందరికీ తెలిసిందే. పైన, గీసా ద్వారం దగ్గర ఇజ్జా ఉంటుంది, అందరూ గౌరవంగా లల్లా ఇజ్జా అంటారు. ఆమె మనిషిని చాప మీద కూర్చోబెట్టి, బిస్మిల్లా అనుకుని, పాత తోలు చెప్పుతో చెంప మీద ఏడు దెబ్బలు వేస్తుంది. మూడు రోజులు కొడుతుంది. నన్నూ కొట్టింది. ఇరవై రోజుల్లో నా మూతి మళ్లీ నా మూతి అయింది.

నేను తోళ్ల వ్యాపారిని. సున్నపు గుంటల నుంచి వచ్చిన తోలును తిరగేసి లోపలి వైపు వేలితో ఒకసారి రాస్తే, ఆ మేక ఏ రోగంతో చచ్చిందో చెప్పగలను. నా కళ్లతో చూసి, చేత్తో తడిమిన దాన్ని నమ్ముతాను, మిగతాది వింటాను. లల్లా ఇజ్జా వైద్యం నా సొంత చెంప మీద రుజువైన సరుకు. దాన్ని మళ్లీ పరీక్షించుకోవాల్సిన అవసరం ఉందని ఇరవై ఎనిమిదేళ్లలో ఎప్పుడూ అనిపించలేదు.

ఫిబ్రవరి నెల, మంగళవారం. మధ్యాహ్నం రెండుంబావుకి భోజనానికి ఇంటికి వచ్చాను. తలుపు తీసే ఉంది. మా ఇంటి నడవ మీద కప్పు లేదు, ఆకాశం కనబడుతుంది. చలిగాలి సరాసరి లోపలికి దిగుతుంది. నా భార్య మన్నానా నడవలో మెట్టు మీద కూర్చుని ఉంది. నేను పిలిచాను. తల తిప్పి చూసింది.

ముఖం కుడివైపు జారిపోయి ఉంది. ఎవరో ఆ చెంపని పట్టుకుని కిందికి లాగి వదిలేసినట్టుంది. నోటి చివర నుంచి చొంగ కారుతోంది. ఏదో అనబోయింది. "మా... మా..." అన్న శబ్దం తప్ప ఏమీ రాలేదు. ముప్ఫై మూడేళ్ల కాపురంలో ఆ మనిషి నోట మాట కరువైన రోజు నేను చూడలేదు.

వంటింటి గడప మీదున్న గుడ్డ తీసి నోరు తుడిచాను. నాకు భయం వేసింది. కానీ ఆ భయంలోనే కొంచెం ధైర్యం కూడా వచ్చింది, ఎందుకంటే ఇది నాకు తెలిసిన రోగం. నాకు వచ్చి పోయిన రోగం.

"గాలి కొట్టింది మన్నానా. చలిలో నడవ కడగొద్దని చెప్పానా లేదా. ఏం కాదు. లల్లా ఇజ్జా దగ్గరికి పోదాం."

నారింజపూల నీళ్లు కొంచెం తాగించబోయాను. గొంతులో పడకుండా దగ్గు వచ్చి, ముఖం ఎర్రబడి, ఊపిరి ఆడనట్టయింది. గ్లాసు కింద పెట్టాను. లేపి నిలబెట్టబోతే కుడికాలు మడత పడింది. కుడిచెయ్యి తడిసిన తోలులా వేలాడుతోంది. అది చూశాను. చూసి కూడా లెక్కలోకి తీసుకోలేదు. నాకప్పుడు చెయ్యికి ఏమీ కాలేదు, కాలికి ఏమీ కాలేదు. అయినా, దెబ్బ కాస్త గట్టిగా తగిలి ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మా వీధిలోకి మోటారు బండి ఏదీ రాదు. గాడిదలు, కంచరగాడిదలు, తోపుడుబళ్లు, మనుషులు, అంతే. సందు చివర హమ్మాద్ నా తోళ్లు మోసే తోపుడుబండితో నిలబడి ఉన్నాడు. వాడిని కేకేశాను. ఇద్దరం కలిసి దుప్పట్లు పరిచి ఆమెను బండి మీద పడుకోబెట్టాం. నేను ఆమె ముఖానికి శాలువా చుట్టాను, ఇంకా గాలి తగలకుండా.

"ఎటు అన్నా?" అన్నాడు హమ్మాద్. "కిందికా?"

కిందికి పోతే పది నిమిషాల్లో ర్సీఫ్ మైదానం. అక్కడ టాక్సీలు ఉంటాయి, టాక్సీ ఎక్కితే ఆసుపత్రి.

"పైకి," అన్నాను.

పైకి పోయే దారి సగం మెట్లు. మెట్లు వచ్చిన ప్రతిచోటా బండిని ఆమెతో సహా ఎత్తాల్సి వచ్చింది. హమ్మాద్ "బాలక్, బాలక్, తప్పుకోండి" అని అరుస్తుంటే జనం గోడలకు అతుక్కుని దారి ఇచ్చారు. రంగుల బజారు మలుపులో తోళ్ల వేలంపాట దగ్గర నాతో రోజూ కొట్లాడే దళారి ఒకడు మమ్మల్ని చూశాడు.

"ఏం అల్లాల్, ఇవాళ పెళ్లాన్ని పాటకి తెచ్చావా? ధర నేనే మొదలుపెట్టనా?"

అని, బండి దగ్గరికి వచ్చి, శాలువా జారిన చోట ఆమె ముఖం చూశాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని గోడకు జరిగాడు. వాడు మామూలుగా శవం ఎదురైనప్పుడే టోపీ తీస్తాడు.

లల్లా ఇజ్జా గదిలో అప్పటికే వైద్యానికి వచ్చినవాళ్లు ఇద్దరున్నారు. నన్ను చూసి లేవబోయారు. వద్దులే, వరస ప్రకారం కానివ్వండి అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. మర్యాద కోసం ఒక మనిషి ఏడు దెబ్బలూ అయ్యేదాకా నిలబడ్డాను. రెండోవాడు మన్నానాని చూసి తనంతట తాను తప్పుకున్నాడు.

ఇజ్జాకి ఇప్పుడు ఎనభై దాటి ఉంటాయి. చేతులు సన్నబడ్డాయి గానీ కళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. చెప్పు చేతిలో పట్టుకునే వచ్చింది.

"అల్లాలా? తోళ్ల అల్లాల్? నీ ఎడమ చెంప ఎలా ఉంది నాయనా?"

"బాగుంది లల్లా. ఇప్పుడు నా భార్యకి. గాలి కొట్టింది. నాకు కొట్టినట్టే."

ఆమె మన్నానా ముందు మోకాళ్ల మీద కూర్చుంది. శాలువా తీసింది. చాలాసేపు చూసింది.

"అమ్మా, నుదురు పైకెత్తు. ఆశ్చర్యపోయినట్టు చెయ్యి. ఇదిగో, ఇలా."

తను కనుబొమలు ఎత్తి చూపించింది. మన్నానా ఎత్తింది. నుదుటి మీద ముడతలు పడ్డాయి, ఈ చివర నుంచి ఆ చివర దాకా, రెండు పక్కలా.

"కళ్లు మూసుకో. గట్టిగా."

రెండు కళ్లూ మూసుకున్నాయి.

"చేతులు రెండూ ఎత్తు."

ఎడమచెయ్యి లేచింది. కుడిచెయ్యి ఒడిలోంచి కదల్లేదు. ఇజ్జా తానే దాన్ని ఎత్తి వదిలింది. అది మళ్లీ ఒడిలో పడింది. ఆ పడిన చప్పుడు నాకు వినబడింది.

ఇజ్జా చెప్పును చాప కిందికి తోసేసింది.

"తీసుకుపో."

"ఏంటి లల్లా?"

"ఆసుపత్రికి తీసుకుపో. ఇది నాది కాదు. నీకు గాలి కొట్టినప్పుడు నుదురు కూడా సగం చచ్చింది, కన్ను మూతపడలేదు. గుర్తుందా? ఈమె నుదురు బతికే ఉంది. చెయ్యి చచ్చింది, మాట పోయింది. ఇది ముఖంలో లేదు నాయనా, తలలో ఉంది."

"ఒక్కసారి చూడు లల్లా. ఏడు వద్దు, మూడు దెబ్బలు కొట్టి చూడు."

ఆ మాట నేనే అన్నాను. నా భార్యని వెంటనే ఆసుపత్రికి తీసుకుపొమ్మన్న మనిషితో నేను దెబ్బల లెక్క బేరం ఆడాను.

ఆమె నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను.

"ఇలాగే ఒకాయన్ని తెచ్చారు, పదిహేనేళ్ల కిందట. కొట్టాను. ఇదిగో ఈ చాప మీదే పోయాడు. ఆ తర్వాత ఆసుపత్రి డాక్టరు ఒకాయన వచ్చి నుదురు చూడమని నేర్పాడు. అప్పటి నుంచి నుదురు చూడకుండా చెప్పు ఎత్తను. పో అల్లాల్. మాట్లాడుతూ నిలబడకు."

హమ్మాద్ అప్పటికే బండి తిప్పేశాడు.

దిగేటప్పుడు మెట్ల మీద బండి మా ఇద్దరి చేతుల్లోంచి జారిపోబోయింది. నా అరచేయి చీరుకుపోయి రక్తం కారింది, అప్పుడు తెలియలేదు. మన్నానా కళ్లు తెరిచే ఉన్నాయి. ఆకాశం ముక్కలు ముక్కలుగా కనబడే ఆ సందుల్లో ఆమె పైకి చూస్తూ పడుకుంది. నాకు ఒకటే భయం. ఆ కళ్లు మూసుకుంటే మళ్లీ తెరుచుకోవేమోనని. "మన్నానా, నిద్రపోకు. నన్ను తిట్టు. నీకు రాకపోతే నేను తిట్టుకుంటాను," అని ఏదేదో వాగుతూ పరిగెత్తాను. ర్సీఫ్ దగ్గర మొదటి టాక్సీవాడు ఆమెను చూసి వద్దన్నాడు, బండిలో ఏమైనా అయితే పోలీసులతో పడలేనన్నాడు. రెండోవాడు దిగివచ్చి తనే కాళ్లు పట్టుకుని లోపలికి చేర్చాడు.

పెద్దాసుపత్రి తలుపు దాటేసరికి మూడూ ఇరవై అయిదు.

నాకన్నా ముందు ఒక పల్లెటూరి కుటుంబం తమ తండ్రిని తెచ్చింది. అదే రోగం. డాక్టరమ్మ వాళ్లతో అంటున్న మాటలు విన్నాను. "తెల్లవారుజామున అయిదింటికా? ఇప్పటికి పది గంటలు దాటింది. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే. ఇప్పుడు ఇవ్వలేం." పెద్దకొడుకు ఆమె ముందు చేతులు జోడించి ఏదో అంటున్నాడు. ఆమె తల అడ్డంగా ఊపుతోంది.

నేను అక్కడే మనసులో లెక్క వేసుకున్నాను. నాలుగున్నర. నేను మన్నానాని బాగా ఉండగా చూసింది పొద్దున తొమ్మిదింటికి. ఆరున్నర గంటలు. సరిపోదు.

మా వంతు వచ్చింది. డాక్టరమ్మ పేరు ఇబ్తిసామ్ అని కోటు మీద రాసి ఉంది. మా అమ్మాయి వయసే. మన్నానా కళ్లలో లైటు వేసి చూస్తూనే అడిగింది.

"చివరిసారి మామూలుగా ఉన్నట్టు ఎప్పుడు చూశారు బాబాయ్?"

"పన్నెండున్నరకి."

"ఎక్కడ?"

"ఇంట్లో. అంటే, ఫోన్లో మాట్లాడాను."

"ఇంట్లోనా, ఫోన్లోనా?"

"ఫోన్లో."

చెయ్యి చాచింది. "ఫోన్ ఇలా ఇవ్వండి."

నేను ఇవ్వలేదు. ఇస్తే అందులో ఏ పిలుపూ లేదు. ఆమెకు అర్థమైంది. పక్కకు పిలిచి, గొంతు పెంచకుండా చెప్పింది.

"ఇక్కడ బేరం లేదు. నేను మీరు చెప్పిన టైమును నమ్మి మందు ఎక్కిస్తాను. అది గడ్డని కరిగిస్తుంది. ఆలస్యమై మెదడు అప్పటికే మెత్తబడి ఉంటే, అదే మందుతో లోపల రక్తం చిమ్ముతుంది. అప్పుడు మీ ఆవిడ సాయంత్రం దాకా ఉండదు. మీరు నాకు తగ్గించి చెప్పే ప్రతి గంటా ఆమె ప్రాణం మీద పెడుతున్నారు. ఇప్పుడు చెప్పండి."

నలభై ఏళ్లుగా నేను మొదట చెప్పిన అంకె ఎప్పుడూ అసలు అంకె కాదు. అమ్మేటప్పుడు పెంచుతాను, కొనేటప్పుడు తగ్గిస్తాను. అవతలివాడూ అంతే. మధ్యలో ఎక్కడో నిజం దొరుకుతుంది. ఈమె మధ్యకు రాదు.

"తొమ్మిది," అన్నాను. "పొద్దున తొమ్మిదికి. మళ్లీ రెండుంబావుకి చూసేసరికి ఇలా ఉంది."

ఆమె పెన్ను ఆగింది.

"మధ్యలో ఎవరూ చూడలేదా? పక్కింటివాళ్లు, పిల్లలు?"

"మా అమ్మాయి టాంజియర్‌లో ఉంటుంది. పక్కిల్లు తాళం వేసి ఉంది."

"స్కానింగ్‌కి తీసుకెళ్తున్నాం. అది అయ్యేలోపు ఈమెను బాగా ఉండగా చూసిన మనిషిని నాకు తెచ్చి ఇవ్వండి. లేకపోతే తొమ్మిదే రాస్తాను."

మంచాన్ని తోసుకుపోయారు. చక్రాల చప్పుడు దూరమైంది. నేను నడవలో నిలబడి, నా ఊరిలో నా భార్య ఒక పూటలో ఎవరెవర్ని చూస్తుందో నాకు తెలియదని తెలుసుకున్నాను. ఏ తోలు ఎవరి గుంటలో ఎన్నాళ్లు నానుతోందో తెలుసు. ఇది తెలియదు.

చెమట తుడుచుకుందామని జేబులో చెయ్యి పెట్టాను. ఇంట్లో ఆమె నోరు తుడిచిన గుడ్డ చేతికి వచ్చింది. దానికి పిండి అంటి ఉంది. రొట్టెల పలక మీద కప్పే గుడ్డ అది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కాలిన పొట్టు వాసన. ఆ రోజు రొట్టె వాసన.

మా వీధిలో ఎవరింట్లోనూ రొట్టె కాల్చరు. పిండి కలిపి, పలక మీద పేర్చి, వీధి పొయ్యికి పంపుతారు. పొయ్యి నడిపే జెల్లూల్ కాల్చి ఇస్తాడు. మన్నానా వాడిని నమ్మదు, దగ్గరుండి తెచ్చుకుంటుంది.

జెల్లూల్ ఫోన్ నంబరు నా దగ్గర లేదు. హమ్మాద్‌కి చేశాను.

"పొయ్యి దగ్గరికి పరిగెత్తు. ఫోన్ జెల్లూల్ చెవి దగ్గర పెట్టు. ఎక్కడా ఆగకు."

ఫోన్ చెవికి ఆనించుకుని వాడి అడుగుల చప్పుడు, రొప్పు, జనం తిట్లు విన్నాను. ఎదురుగా గోడ గడియారంలో ముల్లు కదులుతోంది. నాలుగు నిమిషాలు. అయిదు. ఆ అయిదు నిమిషాల్లో నేను పెళ్లాం పోయి ఒంటరిగా మిగిలిపోయిన మగవాళ్లందరినీ గుర్తు చేసుకున్నాను, ఒక్కొక్కరి పేరూ.

"అల్లాల్ అన్నా?" జెల్లూల్ గొంతు. అప్పుడే జాగ్రత్త పడిన గొంతు. "ఏంటి సంగతి?"

"ఇవాళ మన్నానా నీ దగ్గరికి వచ్చిందా?"

"లేదన్నా. ఇవాళ మీ రొట్టె నా దగ్గరికి రాలేదు."

"జెల్లూల్, గుడ్డ నా చేతిలో ఉంది."

"ఎవరైనా తీసుకొచ్చి ఉంటారు, నేను చూడలేదు. పొయ్యి దగ్గర పాతిక పలకలుంటాయి. రెండు రొట్టెలు మాడితే దానికి నన్ను..."

"మాడాయని నేను అన్నానా?"

అవతల వాడు రొట్టెల పార కింద పెట్టిన చప్పుడు వినబడింది.

"జెల్లూల్. మన్నానా చచ్చిపోతోంది. ఆసుపత్రిలో ఉన్నాం. ఆమె నిన్ను ఎప్పుడు తిట్టిందో చెబితే బతుకుతుంది. రొట్టె సంగతి కాదు. నా తల్లి మీద ఒట్టు, రొట్టె సంగతి కాదు."

వెనక ఎవరో "ఏమైంది" అని అడగడం, వాడు వాళ్లని కసరడం వినబడింది. అప్పటికి డాక్టరమ్మ వెనక్కి వచ్చింది. స్కానింగ్‌లో రక్తం లేదు, గడ్డే అంది. వాడు మొదట లేదన్నాడని ఆమెకు చెప్పాను. ఫోన్ నా చేతిలోంచి తనే తీసుకుని స్పీకర్ మీద పెట్టింది.

"నేను డాక్టర్ని. ఆమె మీ దగ్గరికి ఎన్నింటికి వచ్చింది?"

"మధ్యాహ్నం నమాజుకి, జుహర్ అజాన్ మొదలయ్యేటప్పుడు డాక్టరమ్మా."

"మాట ఎలా ఉంది? ముద్దగా వచ్చిందా?"

"ముద్దగానా?" అన్నాడు జెల్లూల్. "మసీదు గుమ్మంలో కాళ్లు కడుక్కునేవాళ్లందరికీ వినబడింది. రొట్టె కాల్చమంటే బొగ్గు చేశావు, నీ కళ్లు పొయ్యిలో పెట్టావా అంది. అజాన్ అవుతోంది లల్లా మన్నానా, కాస్త ఆగి తిట్టు అన్నాను. ఆగింది. అజాన్ అయిపోయాక ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి మళ్లీ అందుకుంది."

"పలక ఎలా పట్టుకుంది?"

"నెత్తి మీద. కుడిచేత్తో పట్టుకుంది. ఎడమచేత్తో నాకు వేలు చూపించింది. తిన్నగా నడిచి వెళ్లింది, నేను చూశాను, మళ్లీ వెనక్కి తిరిగి వస్తుందేమోనని."

"మీరు ఇది ఖచ్చితంగా చెబుతున్నారా? ఇందాక లేదన్నారు."

"ఇందాక భయపడి అబద్ధం చెప్పాను. ఇది నిజం. ఇక్కడ ఇద్దరు సాక్షులున్నారు, ఇవ్వనా?"

ఇమ్మంది. ఇద్దరితోనూ మాట్లాడింది. గోడ గడియారం చూసి కాగితం మీద, ఆ నెలలో మా ఊళ్లో జుహర్ అజాన్ వేళ, ఒకటీ ముప్ఫై అయిదు అని రాసింది. అప్పటికి మూడూ యాభై.

వెంటనే ఇవ్వలేకపోయారు. రక్తపోటు రెండు వందలు దాటి ఉంది, అది దిగాలి. అది దించే మందు ముందు ఎక్కించారు. "బీపీ మాత్రలు వేసుకుంటుందా?" అని నర్సు అడిగింది. వేసుకునేది. మొన్న రమదాన్ నుంచి మానేసింది. తలనొప్పి లేదుగా, ఇంకెందుకు అంటే, నిజమే అని నేనే అన్నాను. ఈసారి అడగకముందే ఉన్నదున్నట్టు చెప్పాను.

నాలుగూ పదికి సూది ఎక్కింది. కాగితం మీద నేను సంతకం పెట్టాను. వందమందిలో కొందరికి ఈ మందుతోనే తలలో రక్తం కారుతుందని ముందే చదివి వినిపించారు. నా సంతకం నేనే గుర్తు పట్టలేనట్టు పడింది.

ఆ తర్వాత పావుగంటకోసారి నర్సు వచ్చి అడిగేది. "లల్లా మన్నానా, కాలు ఎత్తు. నా వేలు పట్టుకో. పేరు చెప్పు." మధ్యలో ఆమె పెదాలు ఎండిపోయాయని దూదితో నీళ్లు పెట్టబోతే నర్సు నా మణికట్టు పట్టుకుంది. "మింగగలదో లేదో చూడకుండా చుక్క కూడా పోయకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది." ఇంట్లో నేను పోసిన నారింజపూల నీళ్లు గుర్తొచ్చాయి. ఆ ఒక్క మధ్యాహ్నంలో నేను ఆమెను ఎన్నిసార్లు చంపబోయానో లెక్క పెట్టుకుంటూ కూర్చున్నాను.

ఒకసారి ఆమె వాంతి చేసుకోబోయినట్టు కదిలింది. నర్సు పరిగెత్తి డాక్టరమ్మని పిలిచింది. తెర లాగేశారు. తెర కింద నుంచి నాకు నాలుగు జతల కాళ్లు కనబడ్డాయి. ఆ కాళ్లు ఎటు తొందరపడతాయో చూస్తూ నిలబడ్డాను. అవి తొందరపడలేదు. నిదానంగా బయటికి వచ్చాయి. ఏమీ లేదన్నారు.

మర్నాడు మళ్లీ స్కానింగ్ చేశారు. రక్తం లేదు. డాక్టరమ్మ నా పక్కన బెంచీ మీద కూర్చుంది, మొదటిసారి.

"ప్రాణానికి భయం తగ్గింది. కాలు కదులుతోంది, నడుస్తుంది. మాట, చెయ్యి ఎంత వస్తాయో ఇప్పుడే చెప్పలేను. నెలలు పడుతుంది. రోజూ పని చేయించాలి."

"డాక్టరమ్మా," అన్నాను, "మేం నలభై నిమిషాలు ముందు వచ్చి ఉంటే?"

ఆమె నా వైపు చూసింది. ఎందుకు అడిగానో అడగలేదు.

"ఇంకొంచెం మిగిలేది. ఎంత అని ఎవరూ చెప్పలేరు. నిమిషం నిమిషానికీ కొంత పోతూనే ఉంటుంది."

పన్నెండు రోజులకి ఇంటికి తెచ్చుకున్నాను. అదే హమ్మాద్ బండి మీద. ఈసారి కూర్చుని వచ్చింది. వీధిలో అందరూ బయటికి వచ్చారు. జెల్లూల్ పొయ్యి వదిలి వచ్చి దూరంగా నిలబడ్డాడు.

మొదట వచ్చిన మాట "లేదు." టీ కావాలా అంటే లేదు. చలేస్తోందా అంటే లేదు. తల మాత్రం అవునని ఊపేది. తర్వాత తప్పుడు మాటలు వచ్చాయి. మాత్రలని నిమ్మకాయలనేది, నన్ను మా అమ్మాయి పేరుతో పిలిచేది, తప్పన్న సంగతి తనకే తెలిసి కళ్లనీళ్లు పెట్టుకునేది. వారానికి రెండుసార్లు ఒక అమ్మాయి వచ్చి మాటలు నేర్పేది, చేతికి పని చెప్పేది. కుడికాలు ఈడుస్తూనే అయినా నడిచింది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు నిదానంగా తెరుచుకున్నాయి. చివరి రెండు వేళ్లు అరచేతిలోకి ముడుచుకుపోయే ఉన్నాయి.

భయం నన్ను వదల్లేదు. రోజూ పొద్దున ఆమె కళ్లు తెరవగానే మంచం ముందు నిలబడేవాణ్ణి.

"నవ్వు. చేతులు రెండూ ఎత్తు. నీ పేరు చెప్పు."

"మేకని... కొంటున్నావా?" అనేది. "పళ్లు... చూడు ఇంక."

మే నెల వచ్చింది. నడవలో ఎండ పడుతోంది. ఇద్దరం గోడకు ఆనుకుని కూర్చున్నాం. ఆమె కుడిచెయ్యి ఒడిలో పెట్టుకుని, ఎడమచేత్తో దాన్ని రాస్తోంది. ఉన్నట్టుండి అడిగింది.

"పైకి... ఎందుకు?"

నేను అర్థం కానట్టు చూశాను. అర్థమైంది.

"ఆ రోజు. హమ్మాద్... కిందికా అన్నాడు. నువ్వు... పైకి."

ఆమెకు వినబడి ఉంటుందని నేను అనుకోలేదు. మాట పోయిన మనిషికి వినికిడి కూడా పోతుందని, ఎందుకో, నాకు అలాగే అనిపించింది.

"నాకు... అన్నీ వినబడ్డాయి," అంది. ఒక్కో మాటా తవ్వి తీస్తున్నట్టు. "మా అమ్మ... ఇలాగే పోయింది. నాకు తెలుసు. కిందికి అన్నాను. లోపల... అన్నాను. చాలాసార్లు."

ఈ ప్రశ్న వస్తుందని మూడు నెలలుగా ఎదురుచూస్తున్నాను. జవాబులు సిద్ధం చేసుకున్నాను కూడా. అందరూ అలాగే అనుకుంటారు అనవచ్చు. ఎవరికి తెలుసు అనవచ్చు. ఆలస్యం పావుగంటే అనవచ్చు, ఆమె గడియారం చూడలేదు.

"నలభై నిమిషాలు," అన్నాను. "ఎక్కేటప్పుడు, ఇజ్జా ఇంట్లో, దిగేటప్పుడు, అంతా కలిపి. నా మూతి బాగైందని నీదీ అదేననుకున్నాను. నీ చెయ్యి పడిపోవడం చూశాను. చూసి కూడా వెళ్లాను. ఆఖర్న మూడు దెబ్బలైనా కొట్టమని బతిమాలాను."

"డాక్టరు... ఏమంది?"

"ముందు వచ్చి ఉంటే ఇంకొంచెం మిగిలేదంది."

ఆమె ముడుచుకున్న రెండు వేళ్లనీ చూసుకుంది. పక్కింటి పైకప్పు మీద ఎవరో దుప్పటి దులుపుతున్నారు. నేను ఆమె ముఖం చూడలేదు. అది మళ్లీ జారుతుందేమోనన్న భయంతో కాదు, సిగ్గుతో.

కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి తెచ్చి నా మోకాలి మీద పెట్టింది.

"రోజూ... నలభై నిమిషాలు," అంది. "నువ్వే. ఆ అమ్మాయి కాదు."

"ఎన్నాళ్లు?"

"తెరుచుకునే... దాకా."

తెరుచుకుంటాయో లేదో నాకు తెలియదు, ఆ అమ్మాయి కూడా చెప్పలేదు. ఉంగరం వేలు పట్టుకుని మెల్లగా పైకి లాగాను. అది తోలు వారులా బిగిసి ఉంది. నొప్పికి ఆమె పెదవి కొరుక్కుంది. నేను ఆపాను.

"ఆగమని అన్నానా?" అంది.

మళ్లీ లాగాను.